పచ్చపావురాల చెట్టు కింద మా కారు

మడికొండలో ఇల్లు కట్టుకున్న మొదటి ఏడే, మా గేటు పక్కనున్న మేడిచెట్టుకు పచ్చపావురాలు వచ్చాయి. చిలకలనుకున్నాను. డాబా మీద బట్టలారేస్తూ దగ్గరగా చూస్తే పావురాలే. లేతాకుపచ్చ వీపు, పసుపు పులిమినట్టున్న మెడ, భుజం మీద వంకాయరంగు మచ్చ, పసుపుపచ్చని కాళ్లు. పండ్ల కోసం కొమ్మకు తలకిందులుగా వేలాడేవి. అలికిడైతే చాలు, కదలకుండా ఆకుల్లో కలిసిపోయేవి. హన్మకొండలో మా గాజుల దుకాణం తెరవడానికి పోయేముందు, చాయ్ గ్లాసుతో వాటిని చూస్తూ నిలబడేదాన్ని. రోజు మొత్తంలో నాదంటూ ఉన్న సమయం అదొక్కటే.

ఒక సాయంత్రం కాలనీ అధ్యక్షుడు గేటు దగ్గర ఆగాడు. పక్కింటాయనే.

"అక్కా, రేపు మేడిచెట్టు కొట్టిస్తున్నం. కార్లన్నీ రెట్టలే, రోడ్డంతా ఈగలే. మీ సారు సరేనన్నడు."

లోపలికి వెళ్లి మా ఆయన్ని అడిగాను. "సరేనన్నరా?"

"అందరూ అన్నరు. నేనొక్కణ్ణే వద్దంటనా?"

"నన్నడిగిండ్రా?"

ఆయన టీవీ సౌండు పెంచాడు.

పొద్దున్నే మా కొత్త తెల్లకారు తీసి, మేడి మొదలుకు ఆనించినట్టుగా పెట్టాను. రెండు తాళాలూ బ్యాగులో వేసుకుని బస్సెక్కాను. దుకాణంలో ఒకావిడకు గాజులు తొడుగుతుంటే ఫోను మోగింది.

"కారు తాళం ఏడున్నదే?"

"నా బ్యాగుల."

"ఎవరితోనన్న పంపు."

"పంపను."

"నలుగుర్ల నా ఇజ్జత్ పోతాంది!"

"నన్నడగకుండ సరేనంటే గట్లనే పోతది" అని ఫోను పెట్టేశాను. ఆవిడకు మిగతా గాజులు పగలకుండా తొడిగాను.

కొమ్మ పడి కారు సొట్టపోతే తమకు సంబంధం లేదని చెట్టు కొట్టేవాళ్లు వెళ్లిపోయారట. నేను ఇంటికొచ్చేసరికి అధ్యక్షుడు రోడ్డు మీదే ఉన్నాడు.

"పిట్టల కోసం ఇంత లొల్లా అక్కా?"

"అవును అన్నా, పిట్టల కోసమే. చెట్టు కింద రోజూ నేనే ఊడుస్త. కొట్టుడు మాత్రం కొట్టనియ్య."

నన్ను కాలనీ వాట్సాప్ గ్రూపులోంచి తీసేశారు. వినాయకుడి పూజకు పిలవలేదు. ఉండ్రాళ్లు ఇంట్లోనే చేసుకుని తిన్నాం. మా ఆయన ఆదివారాలు రెట్టలు కడుగుతూ, నాకు వినబడేలా తిట్టుకునేవాడు. నేను కారు జరపలేదు. తర్వాత కరెంటు వాళ్లొచ్చి సగం చెట్టు నరకబోతే కిందనే నిలబడ్డాను. తీగలను తాకే కొమ్మ ఒక్కటి కొట్టి పోయారు.

ఈ ఏడు కాయ బాగా కాసింది. అధ్యక్షుడు మళ్లీ వచ్చి, వాకిట్లో ఉన్న మా ఆయన్ని చెట్టు కొట్టే సంగతి కదిలించాడు.

"నన్నెందుకు అడుగుతున్నరు? ఆమెనే అడుగున్రి" అన్నాడు మా ఆయన.

అడిగాడు. కొట్టనియ్యనన్నాను.