ఘాటు రాని మిరపకాయలు

నా మొదటి కాన్పు నాటికి మా అత్తగారింట్లో ఎవరి ముక్కూ సరిగా పనిచేసేది కాదు. ఎగతాళికి చెప్పడం లేదు. ధర్మవరంలో మాది పట్టుకు రంగులద్దే ఇల్లు. తెల్లవారకముందే పెరట్లో పెద్ద పొయ్యి రాజుకునేది. గంగాళంలో ముందు పట్టు ఉడకాలి, తర్వాత రంగు కాగాలి. కట్టెలు తడిగా ఉంటే పాత టైరు ముక్కలు వేసి అంటించేవారు. ఆ నల్లటి పొగ వంటింట్లో దూరి, నడవా దాటి, వీధిలోకి పోయేది. తొంభైల చివరి మాట ఇది. పొగ గురించి అప్పుడు ఎవరూ మాట్లాడేవారు కాదు. పొగ వస్తోందంటే చేతిలో పని ఉన్నట్టు, పని ఉంటే ఇంట్లో అందరికీ సంతోషం.

ఏడో నెల దాటాక నాకు తలనొప్పి మొదలైంది. మామూలు నొప్పా అది! కణతల మీద ఎవరో రోకలితో దంచుతున్నట్టుండేది. కాళ్లు ఉబ్బి మెట్టెలు వేళ్లలోకి దిగిపోయాయి.

"ఇది దిష్టేనమ్మే. వీధిలో నీ కడుపు జూసినోళ్లంతా నోరెళ్లబెడతాండారు" అంది మా అత్త.

సాయంత్రం కాగానే నన్ను పొయ్యి ముందర కూర్చోబెట్టి, ఉప్పూ ఎండుమిరపకాయలూ నా చుట్టూ తిప్పి నిప్పుల్లో వేసేది. ఘాటు వచ్చి అందరూ దగ్గితే దిష్టి లేనట్టు. ఘాటు రాకపోతే గట్టి దిష్టే తగిలినట్టు. మా వైపు ఇది అందరికీ తెలిసిన సంగతే. మా ఇంట్లో ఒక్కరంటే ఒక్కరు దగ్గేవారు కాదు. పొద్దంతా టైరు పొగ మింగిన గొంతులకు మిరపకాయ ఒక లెక్కా?

"చూస్తివా, రవ్వంత ఘాటు గూడా రాలేదు! యా పాపిష్టి కండ్లు పడినాయో" అని ఆమె మర్నాడు ఇంకో గుప్పెడు ఎక్కువ వేసేది. నాకు ఒళ్లు మండిపోయేది. కానీ మిరపకాయలు తిప్పేటప్పుడు ఆమె దేవుళ్లందరికీ మొక్కుకోవడం విని నోరు మూసుకునేదాన్ని.

అట్లాంటి ఒక సాయంత్రం పెనుకొండ నుంచి మా నాయన వచ్చాడు, నన్ను కాన్పుకు పుట్టింటికి తీసుకుపోవడానికి. గడపలో కాలు పెట్టాడో లేదో దగ్గు అందుకుంది. కళ్లలో నీళ్లు, ముక్కులో నీళ్లు. తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని వీధిలోకి పరుగు తీశాడు.

"ఏందక్కా ఇది! మనుషులుండే ఇల్లేనా? ఊపిరాడక చస్తాండా" అని బయట నుంచే కేక వేశాడు.

మా అత్త చేతిలో మిగిలిన మిరపకాయల్నీ, వీధిలో దగ్గుతున్న ఆయన్నీ మార్చి మార్చి చూసింది. నాకు నవ్వు ఆగలేదు. నవ్వుతూనే ఉన్నాను, కళ్ల ముందు మెరుపులు మెరిశాయి, నాయన మొహం సగమే కనిపించింది. అప్పుడు భయం వేసింది.

నాయన ఆ పూటే నన్ను రైలెక్కించాడు. పెనుకొండ ఆసుపత్రిలో నర్సమ్మ నా చేతికి పట్టీ చుట్టి చూసి, నమ్మకం లేక మళ్లీ చుట్టింది. "బీపీ శానా ఉండాది. ఇంటికి పోవద్దండి, నేరుగా హిందూపురం పోండి" అంది.

హిందూపురంలో డాక్టరమ్మ నన్ను చేర్చుకుని మందులిచ్చింది. బీపీ దిగలేదు. ఇంకా ఆగితే తల్లీ బిడ్డా ఇద్దరూ దక్కరని నెలలు నిండకుండానే ఆపరేషన్ చేసింది. ఇంతే ఉంది పాప. ఏడుస్తుందా ఏడవదా అని నేను చచ్చి బతికాను. ఏడ్చింది.

పొగ వల్లేనా అని నాయన అడిగితే డాక్టరమ్మ అవుననలేదు. "కారణాలు చాలా ఉంటాయి. ఆ పొగ దగ్గరికి మాత్రం మళ్లీ పంపొద్దు" అంది. గర్భిణులకు బీపీ పెరగడంలో పొగకూ ధూళికీ కూడా పాత్ర ఉండవచ్చని ఇప్పుడు డాక్టర్లు చెబుతున్నారు. నా విషయంలో అది ఎంత నిజమో నాకు ఎప్పటికీ తెలియదు.

కొన్నాళ్లకు, నేనింకా ఆసుపత్రిలో ఉండగానే, మా అత్త చూడటానికి వచ్చింది. పాపను ఎత్తుకోమంటే వెనక్కి జరిగింది. "నా ఒళ్లంతా పొగే ఉండాది, వద్దులే" అంది. మా ఆయనకు ముందు ఆమెకు ఇద్దరు బిడ్డలు కడుపులోనే పోయారు. ఇరుగుపొరుగు చెప్పగా విన్నదే కానీ, ఆ మాట ఆమె నోట నేనెప్పుడూ వినలేదు. ఆ రోజు డాక్టరమ్మ లోపలికి రాగానే ఆమె ఎదురు పోయి నిలబడింది.

"అమ్మా, నాకూ ఇట్లే కాళ్లు ఉబ్బినాయి. ఇట్లే తలకాయ పగిలిపోయేది. దిష్టనే అనుకుంటి ఇన్నాళ్లూ. ఆసుపత్రికి వచ్చింటే నా బిడ్డలు గూడా బతికేటోళ్లేనా?"

డాక్టరమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది. మా అత్త జవాబు కోసం ఆమె మొహంలోకే చూస్తూ నిలబడింది.