విత్తనాల గోడౌనులో నాలుగు స్కోపులు

ఏ వస్తువునైనా ముందు వాసన చూసి, మూతి ముడిచి, ఆ తర్వాతే చేత్తో పట్టుకునే అలవాటు మానవజాతిలో ఎప్పుడు మొదలైందో పండితులు ఇంకా తేల్చలేదు. అది విత్తనాల గోడౌను స్టోరుకీపరు దగ్గర పరాకాష్ఠకు చేరిందన్న విషయంలో మాత్రం భిన్నాభిప్రాయం లేదు. ఇరవై రెండేళ్ల ఉద్యోగంలో ఆయన ఒక్క సరుకునూ మెచ్చుకున్న పాపాన పోలేదు. గోనెసంచికైనా, కాటాకైనా, సొంత పెళ్లి సూటుకైనా ఒకటే తీర్పు: "ఛీ, ఇదీ ఒక వస్తువేనా!"

అలాంటి మనిషికి ఎలుకలు తగిలాయి. యజమాని వచ్చి, కొరికేసిన మొక్కజొన్న బస్తాను కాలితో తోసి, "శనివారం నేనొచ్చేసరికి ఒక్క ఎలుక కనిపించిందా, తాళాలు మా బావమరిదికిచ్చేస్తా" అన్నాడు.

గోడౌనులో ఒక గాలి తుపాకీ ఉంది. గుళ్లన్నీ బస్తాలకే తగులుతున్నాయి. లోపం తన గురిది కాదనీ, గురి చూసేందుకు తుపాకీ మీద బిగించే దుర్భిణి, అదే స్కోపు, లేకపోవడమేననీ స్టోరుకీపరు తీర్మానించాడు. నచ్చకపోతే తిరిగిచ్చే షరతు మీద చవకరకం పొట్టి స్కోపులు నాలుగు తెచ్చాడు.

మొదటిది నాలుగు రెట్లు పెద్దది చేసి చూపుతుందట. అందులో ఎలుక బదులు బూడిదరంగు మబ్బు కనిపించింది. రెండోదాన్ని మూడు నుంచి తొమ్మిది రెట్ల దాకా తిప్పుకోవచ్చు. తొమ్మిదికి తిప్పితే మబ్బు తొమ్మిది రెట్లయింది. పైగా తుపాకీ స్ప్రింగు ముందుకీ వెనక్కీ తన్నే తన్నుకు ఇరవై గుళ్లలోపే స్కోపు లోపలి గురి గీతలు పక్కకు తిరిగి, కూడిక గుర్తు కాస్తా గుణకారమైంది. మూడోదానికి ఎర్ర దీపం ఉంది. "దీపం పెట్టి మరీ మసక చూపిస్తున్నాడు, దొంగవెధవ!" అనుకున్నాడు. నాలుగోది అరచేతి పొడవు. కన్ను ఆనిస్తే తప్ప ఏమీ కనిపించదు, ఆనిస్తే కనుబొమకు నల్లరంగు అంటుతుంది.

"ఏమండీ, ఒక్క కనుబొమే దిద్దుకున్నారేం? రెండోది రేపటికా?" అంది భార్య.

"నవ్వు, నవ్వు. అద్దాలు చేసేవాళ్లకు సిగ్గూ శరమూ లేకుండా పోయింది. నాలుగూ మసకే!"

"వాటితో వీధి చివరిదాకా చూడకూడదూ?"

"తుపాకీ పట్టుకుని వీధిలో నిలబడితే పోలీసులొచ్చి నన్నే చూస్తారు."

"పోనీ, బోను పెట్టండి."

"బోనా! ఆ తుప్పు కంపు నావల్ల కాదు."

శనివారం యజమాని బావమరిదిని వెంటబెట్టుకుని వచ్చాడు. ఎదురు బస్తా మీద ఎలుక ఒకటి కూర్చుని మీసాలు దువ్వుకుంటోంది. స్టోరుకీపరు నాలుగు స్కోపులనూ బల్ల మీద వరుసగా పేర్చి, అద్దాల పరిశ్రమ పతనం మీద గంభీరంగా ఉపన్యసించాడు. ఆయన గొంతు పెరిగేకొద్దీ కళ్లు మాత్రం యజమాని చేతిలోని తాళాలగుత్తి మీదే ఉన్నాయి.

బావమరిది ఒక స్కోపు వచ్చిన పెట్టెలోంచి మడత విప్పని కాగితం తీశాడు. "బావా, ఇది విను. పది మీటర్ల కంటే దగ్గరున్నవి స్పష్టంగా కనిపించవు." మిగతా మూడు పెట్టెల్లోని కాగితాల్లోనూ అదే మాట ఉంది.

"చదివావటయ్యా ఇవి?" అన్నాడు యజమాని.

"అంత నాసిరకం కాగితం ముట్టుకోబుద్ధి కాలేదు సార్."

బావమరిది టేపు తెప్పించి, బస్తాల మధ్య సందును ఈ గోడ నుంచి ఆ గోడ దాకా కొలిచాడు. తాళాలు చేతులు మారాయి. సందు పొడవు ఆరున్నర మీటర్లు.