కాటుక చుక్క పెట్టిన చింతగింజలు

మా వాకిలి చిన్నది కాదు. ఇంట్లో రెండు గదులు తప్ప మిగతావి కూలిపోయినా, వాకిలి మాత్రం మా ముత్తాత కట్టించిన నాటి వెడల్పుతోనే ఉంది. టేకుమట్ల చుట్టుపక్కల అంత వాకిలి మరొకటి లేదు. భూములు పోయాయి, పిలుపు మిగిలింది. ఊళ్లో నన్ను ఇప్పటికీ దొరసాని అనే పిలుస్తారు. ఆ పిలుపు మోయాలంటే నడుము నిటారుగా ఉండాలి. ఉంచాను. మహిళా సంఘం లెక్కలు రాసేది కూడా నేనే.

ఆ ఏడు పత్తి ఇంకా పగలలేదు. ఒక పొద్దున మా ఊరి అంగన్‌వాడీ టీచరు వచ్చి గడప దగ్గర నిలబడింది.

"మన సెంటర్ల పిల్లలు తక్కువున్నరట దొరసాని. రోడ్డు అవుతలి ఊరి సెంటర్ల కలుపుతరట."

రోడ్డంటే ఇసుక లారీలు పొద్దూమాపూ పరుగెత్తే రోడ్డు. ఈ కబురుకు అందరికన్నా ఎక్కువ బెదిరింది మా వెనక వాడలోని టైలరు కోడలు. ఆమెకు ఇద్దరు పసివాళ్లు. వాళ్లను సెంటర్లో దింపితేనే ఆమె పత్తి ఏరడానికి పోగలదు. చూపు మందగించి మామ మిషన్ తొక్కడం తగ్గించాడు. ఇల్లు ఆమె కూలి మీదే నడుస్తోంది. సెంటర్ రోడ్డు దాటిపోతే ఆమె ఇంట్లో కూర్చోవలసిందే.

పిల్లలు తక్కువన్న మాట నేను నమ్మలేదు. ఆ వాడలోని ఏడుపులకూ కేరింతలకూ నాకు మధ్యాహ్నం కునుకే పట్టదు. కాయితం మీద తక్కువ కావడానికి కారణం కూడా నాకు తెలుసు. మా దిక్కు చంటిబిడ్డను లెక్కలో చెప్పరు. జాతరలో పుట్టెంట్రుకలు ఇచ్చేదాకా, తురకవాళ్లయితే దర్గా మొక్కు తీరేదాకా, ఎవరు అడిగినా ఒకరిని తగ్గించే చెబుతారు. దిష్టి భయం. జాతర వచ్చేది రెండేండ్లకోసారి. కాన్పులేమో పుట్టిండ్లలో అవుతాయి కాబట్టి దవాఖాన కాయితాలు కూడా ఆ ఊళ్లవే. అడిగినప్పుడల్లా టీచరుకు తల్లులు చెప్పేది ఒకటే: "తర్వాత రాసుకో అక్కా."

సంఘం తరఫున నేను జనగామలో శిక్షణకు పోయి వచ్చాను. ఊరిని నేల మీద ముగ్గుతో గీసి, ఏ ఇంట్లో ఏమున్నదో ఆకులతో, గింజలతో చూపించడం అక్కడ నేర్పారు. ఊరికి ఏది ఎక్కడ కావాలో ఊరివాళ్లే ఆ పటం చూసి తేల్చుకోవచ్చు. అదే మా వాకిట్లో చేద్దామన్నాను. సంగతి తెలిసి మహబూబాబాద్‌లో ఉండే మా బావ ఫోన్ చేశాడు.

"దొరల బిడ్డవు, నేల మీద కూసొని చింతగింజలు పేరుస్తవా?"

"మన తాతలు ఈ ఊరిని ఏలిండ్రు బావా. ఎవరింట్ల ఎంతమంది పిల్లలున్నరో తెల్వకుంట ఏలుడు ఏం ఏలుడు?"

ఆయన ఫోన్ పెట్టేశాడు.

ఆడవాళ్లు వచ్చారు. పాత అలవాటు కొద్దీ గోడ వారగా కూర్చున్నారు. "అంచుల కూసుంటే ఊరెవరు గీస్తరు? నడుమకు రాండ్రి," అన్నాను. ముగ్గు పట్టుకున్నాక బెరుకు పోయింది. రోడ్డు, చెరువుకట్ట, మసీదు, బడి, ఇండ్లు ఒక్కొక్కటే నేల మీదికి దిగాయి. సొంత భూమి ఉంటే ఆకు. తల్లి కూలికి పోతే ఇటుక పెచ్చు. బడి ఈడు రాని బిడ్డకు చింతగింజ.

"నోటితోని ఎవరూ చెప్పొద్దు. ఎవరి గింజలు వాళ్లు పెట్టుకోండ్రి. గింజకు దిష్టి తాకది."

"దొరసాని చెప్పినంక దిష్టి సుత భయపడ్తది," అంది ఒక అవ్వ. వాకిలంతా నవ్వింది.

టైలరు కోడలు ఇటుక పెచ్చు పెట్టింది. ఒక గింజ పెట్టింది. రెండోది పిడికిట్లోనే ఉంచుకుంది. పక్కనే కూర్చున్న అత్త ఊరుకోలేదు.

"చేతుల ఉన్నదాన్ని ఏం జేస్తవ్, నాటుతవా?"

"నజర్ తాకుతది అమ్మీ..."

"లారీకి నజర్ లేదా? దాని ముంగట నుంచి పిల్లలను నడిపిస్తవా?"

పిడికిలి తెరుచుకోలేదు. అత్త కోడలి కంటి కొసన ఉన్న కాటుకను వేలితో తీసి, ఆ పిడికిలి విప్పించి, గింజ నెత్తిన చుక్క పెట్టింది. "ఇగ పెట్టు," అంది. కోడలు పెట్టింది. ఆ తర్వాత ఎవరికీ చెప్పే పని లేకపోయింది. కాటుక చుక్కలు పెట్టుకుని, దాచిన గింజలన్నీ బయటికి వచ్చాయి. పటంలో మా వెనక వాడ గింజలతో నల్లబడింది.

ఇంతలో ఎవరో మర్యాద కోసం మా ఇంటి గీతలో ఆకు పెట్టారు. నేను తీసేశాను.

"ఎంతయినా దొరల ఇల్లు గదా..."

"లెక్కల మర్యాద ఉండది. ఉన్నది పెట్టాలె. లేనిది తియ్యాలె."

ఆకు లేని ఆ గడిని చూస్తూ నేను తల దించలేదు. ఊరంతా నిజం పరిచిన చోట నా ఇంటి నిజం కూడా ఉండాలి.

పటం చెరగకుండా మర్నాడు వాకిట్లో పేడనీళ్ల సాన్పి చల్లలేదు. నాకు బుద్ధి తెలిసినప్పటి నుంచీ మా వాకిలికి సాన్పి తప్పింది ఆ ఒక్క పొద్దునే. టీచరు కబురు మీద భూపాలపల్లి నుంచి అంగన్‌వాడీ సూపర్‌వైజర్ మేడమ్ వచ్చి పటం చుట్టూ తిరిగింది. "మంచిగుందమ్మా. కానీ గింజలను ఆఫీసుకు పంపలేను గదా?"

"పంపొద్దు. గింజ ఉన్న ఇంటికి నడువుండ్రి. బిడ్డ ఉంటది."

నేనూ వెంట నడిచాను. మొదట టైలరు ఇల్లు. పిల్లలెంతమంది అని మేడమ్ అడిగింది. కోడలు తలుపు పట్టుకుని నా వైపు చూసింది. నేను మేడమ్ వెనక్కి జరిగాను. అది ఆమె చెప్పవలసిన మాట.

"ఇద్దరు," అంది. లోపలికి పోయి చిన్నదాన్ని ఎత్తుకొచ్చి, పేరు చెప్పి రాయించింది. చుట్టుపక్కల గడపల్లో నిలబడి చూస్తున్న తల్లులు కూడా తమ చంటివాళ్లను చంకనేసుకుని వచ్చారు. ఆ వాడ దాటేసరికి మేడమ్ రాసుకునే చెయ్యి నొచ్చింది.

సాయంత్రం ఎవరి గింజలు వాళ్లు వచ్చి ఏరుకున్నారు. కాటుక పెట్టినవాటిని చీపురుతో ఊడవరాదట. టైలరు కోడలు తనవి కొంగులో ముడివేసుకుంది.

సెంటర్ ఎటూ పోలేదు. పత్తి పగిలిన తొలి రోజు, నేను సాన్పి చల్లుతుంటే ఆమె మా ముందు నుంచి పోతోంది. ఒకరు చంకన, ఒకరు వేలు పట్టుకుని.

"దొరసాని, ఇద్దరిని దించి చేనుకు పోతున్న!" అంది, వాడంతా వినేటట్టు.