దూకనివ్వని పైలట్‌గారు

పైలట్‌గారు పోయారు. మొన్న బుధవారం ఏలూరులో, సొంత ఇంట్లో, నిద్రలోనే ప్రాణం పోయిందట. కబురు తెచ్చిన మనిషి కళ్ళు తుడుచుకుంటూ చెప్పాడు. నాకూ కళ్ళనీళ్ళు తిరిగాయి, కాదనను. ఆ వెంటనే గర్వం కూడా కలిగింది. యుద్ధంలోనూ, ఆ తరవాతా ఇన్నేళ్ళు విమానాలు నడిపి, తన విమానం ఎక్కిన ఒక్క మనిషికీ గాయం కానివ్వకుండా, చివరికి మంచం మీద దర్జాగా వెళ్ళిపోవడమంటే మాటలా? గెలిచారండీ ఆయన!

ఆయన విమానంలోంచి నేను చాలాసార్లు దూకాను. ఆయన దూకనివ్వకపోతే విమానంలోనే దిగొచ్చిన రోజులూ ఉన్నాయి. అందులో మొదటి రోజు సంగతి మీకు చెప్పాలి.

నాది మండవల్లి పక్కన కొల్లేటి లంక. చేపలు పట్టుకు బతికే ఇల్లు. సైన్యంలో చేరి, పారాచూట్ కట్టుకుని దూకడం నేర్చుకుని ఇంటికొచ్చాను. ఊళ్ళో ఆ మాట ఒక్కడు నమ్మితే ఒట్టు. "ఆకాశంలోంచి దూకి బతికొచ్చేవా? కోతలు కొయ్యకురా!" అని నవ్వేవారు. మా అమ్మ నవ్వేది కాదు గానీ, నమ్మేదీ కాదు. ఇంతలో తాడేపల్లిగూడెంలో, యుద్ధం రోజుల్లో వేసిన రన్‌వే మీద విమానాల ప్రదర్శన పెడుతున్నారనీ, దూకే మనిషి కావాలనీ తెలిసింది. ఎగిరి గంతేశాను. మా లంక మొత్తాన్ని తీసుకొచ్చి వాళ్ళ కళ్ళ ముందు దూకి, అందరి నోళ్ళూ మూయించాలి. నాకున్న కోరిక అదొక్కటే.

నన్ను పైకి తీసుకెళ్ళే పైలట్‌గారు మొదటి రోజే నాకు ఒళ్ళు మండించారు. బియ్యం మిల్లుకి తీసుకెళ్ళి, పారాచూట్‌తో, బూట్లతో సహా నన్ను కాటా మీద నిలబెట్టారు.

"నేనేమన్నా ధాన్యం బస్తానాండీ?" అన్నాను.

"బస్తా అయితే బాధ లేదండీ, కట్టి పడేస్తే కదలదు. మీరు కదులుతారు" అన్నారు.

వేగం తగ్గించిన సమయంలో మనిషి చెప్పాపెట్టకుండా వెనక్కి జరిగితే, తోక బరువెక్కి విమానం చేతికి లొంగదట. అందుకని నేల మీద ఆగి ఉన్న విమానంలో, మండుటెండలో, నన్ను ఎక్కించి, కూర్చోబెట్టి, తలుపు దాకా రప్పించి, మళ్ళీ మొదటికి పంపేవారు. అలా రోజుకి ఇరవైసార్లు. ఎక్కడ ఏ తాడు తగులుకుంటుందో వేలు పెట్టి చూపించేవారు. పెట్రోలు కాస్త గాజుసీసాలోకి పట్టి, అందులో నీళ్ళు చేరాయేమోనని ఎండకి ఎత్తి చూసేవారు. నేను విసుక్కుంటే ఆయన దగ్గర ఒకటే మాట: "ఎక్కడం మీ ఇష్టం, దూకడం మీ ఇష్టం. దింపేయడం మాత్రం నా ఇష్టమండీ."

ప్రదర్శన రోజు మావాళ్ళు పడవల మీద ఏలూరొచ్చి, అక్కణ్ణించి రైల్లో గూడెం చేరారు. అమ్మ ముందు వరసలో కూర్చుంది. మధ్యాహ్నం మూడింటికి విమానం లేచింది. పైకి వెళ్ళాక ఆయన పొడుగాటి గుడ్డపేలిక కట్టిన ఇసక సంచి ఒకటి కిందికి వదిలారు, గాలి ఎటు లాగుతోందో చూడ్డానికి. సున్నంతో గీసిన గుండ్రంలో పడాల్సిన సంచి, పోయి పోయి నిండుగా పారుతున్న కాలవలో పడింది. చోటు మార్చి రెండోది వదిలారు. గాలి ఇంకా పెరిగింది. అదీ కాలవ పాలే.

"కూర్చోండి. ఇవాళ లేదు" అన్నారు.

"ఏవండీ, మావాళ్ళంతా చూస్తున్నారండీ!"

"చూడనివ్వండి."

"నేను కొల్లేటివాణ్ణండీ! కాలవలో పడితే ఈదుకొస్తాను!"

విమానం అప్పటికే కిందికి తిరిగింది.

దిగేసరికి ఒకటే ఈలలు, కేకలు. "పిరికోడు దిగేడ్రోయ్!" నా తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. పైలట్‌గారు తిన్నగా వెళ్ళి మైకు అందుకున్నారు. "ఆయన దూకుతానన్నారండీ. నేనే దూకనివ్వలేదు. తిట్టాలంటే నన్ను తిట్టండి. రేపు పొద్దున్న, గాలి లేవకముందే రండి."

జనం తిట్టారు కూడా. ఎవరో చెప్పు విసిరారు. నేను మాత్రం తక్కువ తిన్నానా? ఆయన మీదికి వెళ్ళి ఈత సంగతే మళ్ళీ ఎత్తాను.

"అంత గుడ్డా, అన్ని తాళ్ళూ ఒంటికి చుట్టుకున్నాక ఈత ఏం పనికొస్తుందండీ?" అన్నారు మెల్లగా.

పక్కనే ఉన్న మా అమ్మ మొహం పాలిపోయింది. మా నాన్న గజ ఈతగాడు. తన వల తనకే చుట్టుకుని కొల్లేట్లో పోయాడు. అది పైలట్‌గారికి తెలియదు. అమ్మ ఒక్క అంగలో వచ్చి నా చెంప ఛెళ్ళుమనిపించింది. ఇరవై ఆరేళ్ళవాణ్ణి, అంతమందిలో! "ఆ బాబుగారు చెప్పినట్టు వినరా!" అంది.

మర్నాడు పొద్దున్న ఆకు కదలడం లేదు. ఇసక సంచి గుండ్రం మధ్యలో పడింది. ఆయన ఇంజను జోరు తగ్గించి, విమానాన్ని తొణక్కుండా పట్టుకుని, నా వైపు తిరిగారు. "ఇప్పుడు మీ ఇష్టమండీ."

దూకాను! తల మీద పారాచూట్ విచ్చుకుంది. కింద పెంటపాడు వైపు పచ్చటి చేలు, కాలవ, గోల చేస్తున్న జనం. ఒళ్ళంతా సంతోషమే. గుండ్రానికి రెండడుగుల దూరంలో కాళ్ళు ఆన్చాను. మా లంకవాళ్ళు కేకలేస్తూ రన్‌వే మీదికే పరుగెత్తుకొచ్చేశారు. పైన పైలట్‌గారు దిగకుండా చుట్టూ తిరుగుతున్నారు. రన్‌వే మీద పిల్లి ఉన్నా దిగే మనిషి కాదాయన. నేనూ మా అమ్మా అరిచి, నెట్టి, ఆఖరి మనిషిని కూడా పక్కకి తోలాకే చక్రాలు నేలకి తగిలాయి.

ఆయన కిందికి దిగారో లేదో, నిన్న తిట్టిన వాళ్ళే ఆయన్ని భుజాల మీదికి ఎత్తేశారు. జేజేలు మిన్నుముట్టాయి. మా అమ్మ రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెడుతోంది. ఆయనకి అవేమీ పట్టలేదు. అంతమంది తలల మీదుగా వంగి, విమానం ముందున్న పంకాకేసి వేలు చూపిస్తూ గొంతు చించుకుంటున్నారు. "ఏవండీ, ఎర్ర తలపాగా ఆయనా! దాని దగ్గరికి వెళ్ళకండి! ఆగిందని నమ్మకండి, చెయ్యి తగిలితే మళ్ళీ గిర్రున తిరుగుతుంది! వెనక్కండీ, వెనక్కి!"