నూట పద్నాలుగో నంబరు కోరపన్ను

2018 అక్టోబరులో నన్ను అయిదు వారాల శిక్షణకు జపాన్‌లోని ఒక విశ్వవిద్యాలయానికి పంపారు. అప్పటికి నేను నంద్యాలలో ఒక డిగ్రీ కళాశాలలో భూగర్భశాస్త్రం చెప్పే అసోసియేట్ ప్రొఫెసరును. దానికి తోడు కాలేజీ మ్యూజియం ఇన్‌చార్జిని. ఈ రెండో హోదాకు అధికారం ఏమీ లేదు, తాళంచెవి మాత్రం ఉంది. మూడు గాజు బీరువాల నిండా రాళ్ళు, శిలాజాలు. ఒక నమోదు రిజిస్టరు. ఏడాదికోసారి స్టాక్ తనిఖీ. ఇదీ నా మ్యూజియం. పదవీ విరమణకు ఎనిమిది నెలలుంది. రిటైరయ్యేవాణ్ణి పంపి ఏం లాభమని స్టాఫ్ రూములో కొందరు సణిగారు. ప్రశ్న న్యాయమైనదే. నా జవాబు ఇప్పుడు రాస్తున్నాను.

వెళ్ళిన రోజే క్యాంపస్ పటం ఒకటి చేతికిచ్చారు. మ్యూజియం గుర్తులు లెక్కపెట్టాను. ఆరున్నాయి. పొరపాటేమోనని మళ్ళీ లెక్కపెట్టాను. ఆరే. మన దగ్గర మ్యూజియమంటే జిల్లాకొకటి ఉంటే గొప్ప. అక్కడ ఒక విభాగం నుంచి ఇంకో విభాగానికి పోయే దారిలో రెండు తగులుతాయి. పొద్దున తరగతులు అయిపోగానే సైకిలెక్కేవాణ్ణి. దారి పొడవునా గింకో చెట్లు పచ్చగా, నిజంగా పసుపుపచ్చగా నిలబడి ఉండేవి. కింద రాలిన పండ్లు కుళ్ళిన నెయ్యి వాసన కొట్టేవి. ఆ వాసన కూడా నాకు ఉత్సాహంగానే ఉండేది.

వ్యవసాయ విభాగం వాళ్ళ పాత చెక్క కొట్టంలో బూట్లు విప్పి, వాళ్ళిచ్చిన చెప్పులు తొడుక్కుని లోపలికి పోతే ఎదురుగా విత్తనాలు విత్తే పనిముట్టు. మన గొర్రుకు తమ్ముడిలా ఉంది. గింజలు పోసే జడ్డిగం ఒక్కటే తక్కువ. వైద్య విభాగంలో గుమ్మడికాయంత మనిషి చెవి, చెక్కతో చేసినది. ముక్కముక్కగా విప్పి మళ్ళీ బిగించవచ్చు. భౌతికశాస్త్రం వాళ్ళ దగ్గర పాత భూకంపమాపకం ఉంది. ముప్పై ఏళ్ళు నేను నల్లబల్ల మీద బొమ్మగీసి చెప్పిన యంత్రం అది. దాని పక్కన నేలమీద గట్టిగా అడుగేస్తే సూది కదులుతుంది. నేను మూడుసార్లు అడుగేశాను. కాపలా ఉన్న పెద్దాయన నవ్వుకుంటూ నాలుగోసారి కూడా వేయమని సైగ చేశాడు. వేశాను.

ఆరో మ్యూజియం భూగర్భశాస్త్ర భవనం కింద నేలమాళిగలో ఉంది. అక్కడ మోరి గారు ఉండేవారు. డెబ్బై దాటిన స్త్రీ. టెక్నీషియన్‌గా పనిచేసి రిటైరై, వారానికి మూడు రోజులు వచ్చి సొరుగులు సర్దేవారు. మా ఇద్దరికీ వచ్చిన ఇంగ్లీషు అంతంతమాత్రమే. రాళ్ళ పేర్లు ఎక్కడైనా ఒకటే కాబట్టి పని జరిగిపోయేది.

వాళ్ళ పద్ధతి ఒకటి ఆమె చూపించారు. మ్యూజియంలో ప్రతి వస్తువుకూ ఒక చీటీ ఉంటుంది: నంబరు, పేరు, దొరికిన చోటు, గుర్తుపట్టినవారు, తేదీ. ఆ పేరు తప్పని తర్వాత తేలితే మనం ఏం చేస్తాం? చీటీ చించి కొత్తది అంటిస్తాం. వాళ్ళు చించరు. కొత్త చీటీని పాతదానిమీద దారంతో కడతారు. తప్పు చెప్పినవారి పేరు కింద అలాగే ఉంటుంది. ఒక రాతికి అయిదు చీటీలు చూశాను. నూరేళ్ళ వాదోపవాదం ఒక దారానికి వేలాడుతోంది. హేతువాదిగా వేదికలెక్కి వాదించడమే జీవితమనుకున్న నాకు ఆ దారం చూసి ఒళ్ళు ఝల్లుమంది.

ఆ ఉత్సాహంలోనే ఫోన్ తీసి మా మ్యూజియంలోని నూట పద్నాలుగో నంబరు ఫోటోలు ఆమెకు చూపించాను. ప్రశంస కోసమే చూపించానని ఒప్పుకోవాలి.

ఆ నంబరు కథ మూడేళ్ళ వెనకటిది. ఆళ్ళగడ్డలో ఒక కల్యాణ మండపంలో మా హేతువాద మిత్రులు భక్తుల పక్షంతో బహిరంగ చర్చ పెట్టారు. అహోబిలం దగ్గరి చెంచు గూడెం నుంచి అంకన్న అనే ఆయన ఒక వస్తువు తెచ్చాడు. చూపుడువేలంత పొడవు, కొంచెం వంపు, మొన తేలిన తెల్లని వస్తువు. నరసింహస్వామి తమ ఆడబిడ్డను చేసుకున్నాడని చెంచులు ఆయన్ను అల్లుడంటారు. వాళ్ళింట్లో తాతల నాటి నుంచి పసుపు రాసి బుట్టలో దాచుకున్న ఆ వస్తువు అల్లుడి గోరన్నాడు అంకన్న. ఎదుటి పక్షం పండితుడు అవునన్నాడు. నేను దానిమీద ఒక చుక్క ఆమ్లం వేశాను. బుసబుస పొంగింది. గుహల్లో పడి ఉన్న ఎముకలకు సున్నం పడుతుందనీ, మధ్యలో ఉన్న బోలు దంతనాళమనీ, ఇది ప్రాచీన మాంసాహార జంతువు కోరపన్ననీ ప్రకటించాను. మండపం చప్పట్లతో మోగింది.

అప్పుడు వెనక వరసలోంచి ఓబులాచారి లేచాడు. ఆళ్ళగడ్డలో విగ్రహాలు చెక్కే శిల్పి. ఆ వస్తువు సభలో చేతులు మారుతూ ఆయనదాకా పోయింది.

"సార్, అది పన్ను గాదు. రాయి. నీళ్ళు కారి కారి కట్టిన రాయి."

ఎలా చెబుతున్నారని అడిగాను.

"నడిమిట్ల బొక్క సూడు సార్. పన్నుకు బొక్క మొదుట్లో ఉంటాది, మొన రాకముందే మూసుకపోతాది. దీనికి ఈ కొన నుంచి ఆ కొనదాకా ఉండాది. నేను ఊదినా. గాలి ఆ పక్క వస్తాంది."

మొన అరిగిపోయి బోలు బయటపడిందని జవాబిచ్చాను. అక్కడితో ఆగి ఉంటే సరిపోయేది. "ఆచారిగారూ, మీరు పళ్ళు చెక్కుతారు, నేను పళ్ళు చదువుతాను" అన్నాను. సభ నవ్వింది.

"సరేలే సార్. సదివినోడివి" అని ఆయన కూచున్నాడు.

అంకన్న ఆ వస్తువును మళ్ళీ బుట్టలో పెట్టుకోలేదు. "అల్లుడి గోరు గాకుంటే నాకెందుకప్పా, నువ్వే పెట్టుకో" అని నా చేతిలో పెట్టాడు. మరునాడే రిజిస్టరులో నూట పద్నాలుగో నంబరుగా రాసి, గాజు బీరువాలో నడిమి వరసలో పెట్టాను.

మోరి గారు ఫోటోలు చాలాసేపు చూశారు. ఒక్క ప్రశ్న అడిగారు: రంధ్రం మొనదాకా ఉందా?

ఉందన్నాను. ఆమె లేచి మూలనున్న ఒక సొరుగు లాగారు. అందులో నాలుగు కోరపళ్ళు, వాటి పక్కనే గుహల కప్పు నుంచి వేలాడే సున్నపురాతి మొనలు నాలుగు ఉన్నాయి. అన్నీ వేలంతవే, అన్నీ తెల్లనివే. ఒక రాతి మొనకు రెండు చీటీలున్నాయి, ఆమె చదివి చెప్పారు. కింది చీటీలో ఒక ప్రొఫెసరు సంతకం, ఎలుగుబంటి కోర అని. పై చీటీలోనూ అదే చేతిరాత: సున్నపురాయి, మొనదాకా రంధ్రం ఉంది, కనిపెట్టినవారు మోరి. ఆమెకప్పుడు ఇరవై రెండేళ్ళట. ఉద్యోగంలో చేరి నాలుగు నెలలట.

నాకు సిగ్గు వేసిన మాట నిజం. కానీ సిగ్గుకంటే ముందు సంతోషం వచ్చింది, అది దాచను. ఎనిమిదింటినీ బల్లమీద పరుచుకుని ఒక్కొక్కదాన్నీ ఊదాను. రాళ్ళ గుండా గాలి పోయింది, పళ్ళ గుండా పోలేదు. ఇంత సులువైన పరీక్ష. దాన్ని నాకు ఆళ్ళగడ్డలోనే చేసి చూపించారు. భక్తుడు నమ్మకాన్ని కాపాడుకోవడానికి సాకు వెతుకుతాడని వందసార్లు ఉపన్యసించాను. "మొన అరిగిపోయింది" అన్న నా మాట ఏమిటి మరి?

తిరిగి వచ్చేసరికి చార్జి అప్పగింత జాబితా తయారీ మొదలైంది. రిటైరయ్యేవాడు ప్రతి నంబరు ఎదుటా వస్తువు పేరు రాసి, పైన రాసినది సరి అని సంతకం చేయాలి. నూట పద్నాలుగు ఎదుట కోరపన్ను అని రాసి సంతకం పెట్టడం ఎంత తేలిక. చర్చ పెట్టిన మిత్రుడు ఒకాయన అదే మంచిదన్నాడు. "పోతాపోతా వాళ్ళ చేతికి కట్టె ఇచ్చిపోతావా అన్నా? మూడేండ్ల సంది ఎవరడిగినారు నిన్ను?" ఎవరూ అడగలేదన్నది నిజమే. అబద్ధాలు అలాగే బతుకుతాయి.

మ్యూజియం వస్తువు గేటు దాటాలంటే ప్రిన్సిపాల్ సంతకంతో బయటికి పోయినట్టు నమోదు కావాలి. అది చేయించి, నూట పద్నాలుగును పత్తిలో చుట్టుకుని ఆళ్ళగడ్డ బస్సెక్కాను. ఓబులాచారి కొట్టంలో సగం చెక్కిన ద్వారపాలకుడొకడు వెల్లకిలా పడుకుని ఉన్నాడు. వచ్చిన పని చెప్పి, మొదలు వైపు కొంచెం నునుపు చేసి చూపమని అడిగాను.

"మూడేండ్లు పట్టింది సార్ నీకు ఊదనీకి" అన్నాడు ఆచారి.

"పట్టింది. అందరి ముందర మిమ్మల్ని ఎగతాళి చేశాను, తప్పే" అన్నాను.

"మా ఇంట్లోది దినామూ చేస్తాంది, నీదేముంది. ఇటియ్యి."

సానరాయి మీద నీళ్ళు పోసి మెల్లగా అరగదీశాడు. గుడ్డతో తుడిచి వెలుతురులో పెట్టాడు. ఉల్లిగడ్డ కోసినట్టు ఉంగరాలు ఉంగరాలుగా పొరలు, నడుమ సూది పట్టేంత రంధ్రం. చీపురుపుల్ల దూర్చాడు. మొన దగ్గర బయటికి వచ్చింది. ఇద్దరం ఆ పుల్లను చూసి నవ్వాం. పన్ను దొరికిందని ప్రకటించిన రోజున నాకు ఇంత ఆనందం కలగలేదు.

అక్కణ్ణుంచి జీపులో అహోబిలం పోయాను. అంకన్న ఇంటి ముందు వెదురు చీలుస్తూ కూచుని ఉన్నాడు. ఉన్నదున్నట్టు చెప్పాను. ఎక్కడ దొరికిందో అసలు నేను అడగనే లేదని అప్పుడు గుర్తొచ్చింది. అడిగాను. వాళ్ళ తాత అవుకు దిక్కు గుట్టల్లో తేనెకు పోయి, ఒక గుహ కప్పున వేలాడుతుంటే విరుచుకొచ్చాడట. అవుకు అంతా సున్నపురాతి నేల. ఈ ఒక్క ముక్క ముందే అడిగి ఉంటే జపాన్ దాకా పోయే పని లేదు.

అంకన్న కత్తి పక్కన పెట్టాడు. "గోరు గాదంటివి, ఇచ్చినా. ఇప్పుడు పన్ను గూడా గాదంటాండావు. నువ్వు రెండు మాట్లు మాట మార్చినావప్పా. మా అల్లుడు ఒక్కసారి గూడా మార్చల్యా."

వాదంలో నన్ను అంతగా ఎవరూ పడగొట్టలేదు. వస్తువు తిరిగి కావాలంటే రిజిస్టరు నుంచి తీయించడానికి ప్రిన్సిపాల్‌కు రాస్తానన్నాను. అతను అడిగింది వేరే.

"ఆడ మా పేరు రాసినావా?"

రాయలేదు. ఇచ్చినవారి పేరుండాల్సిన చోట 'స్థానికుడు' అని రాశాను.

"మా తాత పేరు రాయి, నా పేరు రాయి. ఆడనే ఉండనీ. రేపు ఇంగొగడొచ్చి ఇది గూడా గాదంటే?"

"అతని పేరు కూడా రాస్తారు" అన్నాను.

రిటైరయ్యే ముందు అదే కల్యాణ మండపంలో, అదే మైకు ముందు జరిగింది చెప్పాను. అయితే గోరే కదా అని ఎదుటి పక్షం అడిగింది. గోరుకూ మొనదాకా రంధ్రం ఉండదని చెప్పి, చీపురుపుల్ల దూర్చి చూపించాను. ఆ రోజు చప్పట్లు తక్కువే పడ్డాయి. ఓబులాచారి ముందు వరసలో కూచున్నాడు.

నూట పద్నాలుగుకు ఇప్పుడు రెండు చీటీలు. కింది చీటీలో నా సంతకంతో 'కోరపన్ను'. పై చీటీలో: గుహ సున్నపురాతి మొన; దొరికిన చోటు అవుకు గుట్టలు; తెచ్చినవారు అంకన్న తాత వీరన్న; ఇచ్చినవారు అంకన్న, ఆయన ఇంట్లో దీని పేరు అల్లుడి గోరు; గుర్తుపట్టినవారు శిల్పి ఓబులాచారి. చార్జి తీసుకున్న లెక్చరరు జాబితాలో దానికి రెండు వరసలు ఎందుకని అడిగింది. తప్పు కూడా స్టాకులో భాగమని చెప్పి సంతకం చేశాను.

ఈ ఉద్యోగం ముప్పై ఏళ్ళు చేసి, చివరి ఏడాది నేర్చుకున్నది ఇంత. వస్తువు చేతికి రాగానే ముందు అడగవలసింది ఎక్కడ దొరికిందని. పరీక్ష ఎవరు చెప్పారన్నది చూడకుండా, చేసి చూడాలి. గెలవాలనుకున్న రోజున ఏ రాతికీ పేరు పెట్టకూడదు. పెట్టినా, పాత చీటీ చించకూడదు.