ఎడమవైపు లైటు

నిదానం బాబాయికి కోపం రాదని వీధిలో అందరూ అంటారు. ఆ అనేవాళ్ళందర్నీ ఆ సాయంత్రం తీసుకొచ్చి ఆయన ఇంటిముందు నిలబెట్టాల్సింది. కారు బానెట్ ఎత్తి, తల లోపలికి దూర్చి, బల్బు అమ్మిన దుకాణదారుణ్ణి, బల్బు చేసిన ఫ్యాక్టరీని, ఆ ఫ్యాక్టరీకి కరెంటిచ్చినవాణ్ణి కూడా వరసబెట్టి తిడుతున్నాడు.

ఆ పేరు ఆయనకు ఊరికే రాలేదు. సగం జీవితం స్టీరింగు వెనకే గడిచింది. ఎవరెంత తొందరపెట్టినా ఆయన కారు తన నడకే నడుస్తుంది. "మీకంటే నత్త నయం బాబాయ్" అని ఎక్కినవాళ్ళు ఏడిపిస్తే, "నత్తకు యాక్సిడెంటైందని ఎప్పుడైనా విన్నారా?" అంటాడు. తెల్లవారుజామున, ఇంకా చీకటుండగానే, పెద్దాసుపత్రిలో మొదటి షిఫ్టుకు వెళ్ళే నలుగురు నర్సుల్ని ఇళ్ళ దగ్గర ఎక్కించుకుని దింపి రావడం ఆయన పని. బండి నడిపేది బాబాయి గనకనే తమ ఇంట్లోవాళ్ళు నిశ్చింతగా పడుకుంటున్నారని వాళ్ళలో ఒకామె ఒకసారి అంది. ఆ మాట విన్నరోజున ఇంటికొచ్చి భార్యకు రెండుసార్లు చెప్పాడు, ఆవిడ విన్నానన్నా సరే మూడోసారీ చెప్పాడు.

అలాంటి మనిషి కారుకు ఈమధ్య ఎడమవైపు గీతలు పడుతున్నాయి. ఒకసారి సొంత గేటు స్తంభమే గీరుకుంది. ఇంకోసారి మలుపులో ఎవరో వదిలేసిన సిమెంటు దిమ్మ తగిలి బంపరు మూల పగిలింది. రెండుసార్లూ చీకట్లోనే. "ఎడమ లైటు చచ్చింది, ఆ పక్క రోడ్డే కనబడటం లేదు" అని తేల్చేసి, నర్సులతోనూ అదే అన్నాడు. అది బాగుపడందే ఆడపిల్లల్ని కారెక్కించేది లేదని భీష్మించుకున్నాడు. పొద్దున్నే వాళ్ళు గుమ్మాల్లో నిలబడి ఎదురు చూస్తారు. కాబట్టి ఏంచేసినా ఈ సాయంత్రమే చెయ్యాలి.

చీకటి పడగానే కారును ఇంటి ప్రహరీగోడకు కాస్త దూరంలో ఎదురుగా పెట్టి లైట్లు వేశాడు. సీట్లోంచి చూస్తే గోడమీద కుడివైపు వెలుగు తెల్లగా పడుతోంది. ఎడమవైపుది మసకమసగ్గా ఉంది. బల్బే, ఇంకేముంది! లైటు వెనక వైర్ల కనెక్టరు లాగి, రబ్బరు మూత ఊడదీసి, తీగ క్లిప్పు నొక్కి పాత బల్బు బయటికి తీశాడు. వేలి జిడ్డు అంటితే వేడికి గాజు పాడవుతుందని కొత్తదాన్ని శుభ్రమైన గుడ్డతో పట్టుకుని, పసిపిల్లను ఉయ్యాల్లో వేసినంత జాగ్రత్తగా లోపల పెట్టాడు. మళ్ళీ సీట్లో కూర్చుని చూశాడు. ఎడమవైపు మసకే.

"కొత్తది కూడా పనికిరాదే!" అని అరిచాడు.

భార్య వాకిట్లో కుర్చీ వేసుకుని ఉతికిన బట్టలు మడతపెడుతోంది. "ఆడలేక మద్దెల ఓడన్నట్టు, బల్బుని తిడతారెందుకు? మీవల్ల కాకపోతే మెకానిక్కును పిలవండి."

"వాడొచ్చినా నేను చేసేదే చేస్తాడు. కాకపోతే ఈల వేసుకుంటూ చేస్తాడు."

తరవాత ఆయన చేసింది తెలివైన పనే, కాదనకూడదు. ఎడమ బల్బు కుడికి, కుడి బల్బు ఎడమకు మార్చాడు. తప్పు బల్బుదే అయితే ఈసారి కుడివైపు మసకబారాలి. బారలేదు. మసక ఎడమవైపే మొండికేసి కూర్చుంది. అయితే బల్బు కాదు, వైరింగు. ఎర్త్ వైరు బిగించిన చోట తుప్పు పడితే లైటు నీరసంగా వెలుగుతుంది. బోల్టు ఊడదీసి, ఆ చోటంతా గరుకు కాగితంతో రుద్ది రుద్ది తళతళలాడించాడు. వేలు కోసుకుంది. నడుము పట్టేసింది. మళ్ళీ సీట్లో కూర్చుని చూస్తే ఎడమవైపు మసకే. ఆయనకు తలప్రాణం తోకకొచ్చింది.

"ఏమే, నువ్వొకసారి వచ్చి చూడు."

ఆవిడ డ్రైవరు సీట్లో కూర్చుని గోడవంక చూసింది. "రెండూ ఒకేలా ఉన్నాయి కదండీ."

"కళ్ళు పుట్టింట్లో మర్చిపోయొచ్చావా?"

"బియ్యంలో రాళ్ళేరేది ఈ కళ్ళతోనే. మీ పంటికింద ఎప్పుడైనా తగిలిందా?"

 ఆయన ఆవిణ్ణి సీట్లోనే ఉండమని, లైట్లు ఆర్పి మళ్ళీ వెయ్యమని చెప్పి, తను కారు ముందుకు వెళ్ళాడు. గోడకు వీపు ఆనించి, రెండు లైట్లకూ మధ్యలోకి చూస్తూ నిలబడ్డాడు.

"ఇదిగో! ఇది మసగ్గా ఉంది. ఇందాకట్నించీ నేను మొత్తుకుంటోంది ఇదే!" అని ఎడమచెయ్యి చాపి చూపించాడు.

ఆవిడ కిటికీలోంచి తల బయటపెట్టింది. "అది కుడిలైటు కదండీ."

"ఎడమది!"

"మీరు నావైపు తిరిగి నిలబడ్డారు. మీ ఎడమచేతివైపున్నది కారుకు కుడిలైటు. ఇందాకట్నించీ మీరు తిడుతోంది ఆ రెండోదాన్ని. అదెలా ఉంది?"

అది తెల్లగా, నిక్షేపంగా వెలుగుతోంది. "మరి ఇదెప్పుడు పాడైంది?" అన్నాడు.  బల్బులు మార్చినా, వైరు తోమినా కదలని మసక, ఆయన ఇటు తిరిగి నిలబడేసరికి కారుకు ఆ పక్కనుంచి ఈ పక్కకు దూకింది. బళ్ళు విప్పి బిగించడంలో తల నెరిసినవాడికి దీని అర్థం ఇంకొకరు చెప్పనక్కర్లేదు. లోపం కారులో లేదు. ఆయన గోడను వదిలి కదల్లేదు.

ఆవిడ లైట్లు ఆర్పేసి దిగొచ్చింది. ఆయన్ను చెయ్యిపట్టుకుని వాకిట్లో దీపం కిందికి తీసుకెళ్ళి ఎదురుగా నిలబెట్టింది. "నా ముక్కువంకే చూడండి. పక్కకు చూడొద్దు. ఎన్ని వేళ్ళు?"

"ముందు చెయ్యెత్తవే" అన్నాడు విసుగ్గా.

ఆవిడ చెయ్యి ఎత్తే ఉంది. ఆయన ఎడమ భుజానికి ఎదురుగా, మూడు వేళ్ళు చూపిస్తూ. ఆయన తల తిప్పి చూసి, ఆ వేళ్ళను రెండు చేతులతో పట్టుకున్నాడు. ఆవిడకు ఏడుపొచ్చింది. ఏడవకూడదనుకుంది గానీ ఆగలేదు.

ఇద్దరూ మెట్లమీద కూర్చున్నారు. ఆయన, "ఎవరికీ చెప్పకు" అన్నాడు. "చూపించుకుందాం, మందులు వేసుకుందాం. అందాకా మెల్లగా నడుపుతా. ఆ దారి నాకు కళ్ళు మూసుకున్నా తెలుసు. ఈ పని పోతే నేనింక ఎవర్నే?"

ఆ చివరిమాట ఆవిణ్ణి కోసేసింది. అందుకే, జన్మలో అనకూడని మాటొకటి అంది. "నేనూ వస్తానండీ. మీ పక్కన కూర్చుని, ఎడమవైపు ఏమొచ్చినా చెబుతూ ఉంటాను."

ఏమాటకామాటే చెప్పాలి, ఇద్దరూ ఇద్దరే! వయసు పెరిగింది గానీ బుద్ధి ఎక్కడ పెరిగింది? ఆయన ఆ మాటను కాసేపు పట్టుకుని వేలాడాడు కూడా. వెనక నలుగురూ సర్దుకుంటారా అని లోలోపల లెక్కేశాడు. ఇంతలో ఏం గుర్తొచ్చిందో మొహం మాడిపోయింది.

"నీకొకటి చెప్పలేదే. మొన్న వాళ్ళను దింపి తిరిగొస్తుంటే సైకిలాయనకు మన ఎడమ అద్దం తగిలింది. కాలవలో పడ్డాడు."

"అయ్యో రామ! దెబ్బలు తగిలాయా?"

"మోకాలు చీరుకుంది. కళ్ళు కనబడటం లేదా అని అరిచాడు. అడ్డమొచ్చింది నువ్వేనని నేను ఇంకా గట్టిగా అరిచి వచ్చేశాను. అప్పటికి ఎండొచ్చేసిందే. లైట్లతో పనే లేదు."

ఆవిడ ఇంక వస్తానని అనలేదు. లోపలికి వెళ్ళి ఫోను తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. నలుగురిలో పెద్దామెకు చేశాడు.

"రేపట్నించి నేను రాలేనమ్మా. వేరే బండి చూసుకోండి."

"అదేంటి బాబాయ్? లైటింకా బాగవలేదా?"

చేతికి అందించినట్టుంది అబద్ధం. ఊఁ అంటే చాలు, పేరుకు పేరూ మిగులుతుంది, మర్యాదకు మర్యాదా దక్కుతుంది. ఆయన భార్యవంక చూశాడు. ఆ ఇల్లాలు కూడా అనెయ్యమన్నట్టే తలాడించింది.

"లైటు బాగానే ఉందమ్మా. నాకే ఎడమపక్క కనబడటం లేదు."

అవతల ఉన్నది నర్సు. అయ్యో పాపం అనలేదు. "ఎప్పట్నించి బాబాయ్?" అని అడిగింది.

"తెలీదమ్మా. ఇన్నాళ్ళూ మిమ్మల్నందర్నీ ఎక్కించుకుని..." అని ఆగిపోయాడు. 

 రోజూ ముందు సీట్లో, ఆయనకు ఎడమపక్కన కూర్చునేది ఈ పెద్దామే.