మగ్గం గుంతలో గొర్రెపిల్లలు

గొర్రెను పట్టుకోవడం అందరికీ వస్తుందనుకుంటారు. ఏం వస్తుంది, నా మొహం! ఉన్ని పట్టి గుంజుతారు, అది బెదిరి దూకుతుంది, మనిషి పోయి పెంటికల్లో పడతాడు. మా అమ్మ మాత్రం ఒక చేయి దాని గదవ కింద, గడ్డం పట్టుకున్నట్టు పెట్టి, మోకాలు దాని డొక్కకు ఆనించేది. అంతే, ఎంత మొండిదైనా నిలబడిపోయేది. "నీ జుట్టు పట్టి లాగితే నువ్వు ఊరకుంటావా? తోలు కమిలిపోతాది" అని నన్ను తిట్టేది. ఆ పని చూస్తుంటే నాకు ఒళ్ళంతా గర్వంగా ఉండేది.

ధర్మవరం దగ్గరి పల్లెలో మాది ఒకే గది ఇల్లు. అందులో సగం నాయన పట్టుచీరల మగ్గమే. ఇంటి వెనక గోడకు ఆనించి అమ్మ గొర్రెలకు రొప్పం కట్టుకుంది. మొలెత్తు రాతిగోడ, పైన రేకులు, కింద వంక నుంచి తెచ్చిన ఇసుక. చెమ్మకు డెక్కలు చెడిపోతాయని ఆ ఇసుక ఎప్పటికప్పుడు ఎత్తిపోసి కొత్తది పరిచేది. మా వంటమూల కన్నా అదే శుభ్రంగా ఉండేది, ఒట్టు.

తొంభైల్లో ఒక మధ్యాహ్నం గాలీ వానా కలిసి వచ్చి ఆ రేకుల్ని ఎత్తుకుపోయాయి. ఆ పొద్దునే ఒక గొర్రె ఈనింది, కవలలు. అమ్మా నేనూ పరుగెత్తి పోయేసరికి మందంతా గోడవార ముడుచుకుని ఉంది. పిల్లలు రెండూ నానిపోయి వణుకుతున్నాయి, పొదుగు దగ్గర పెట్టినా నోరు తెరవడం లేదు. అమ్మ వాటిని చంకలో ఇరికించుకుని గదిలోకి వచ్చింది. వెనకే అరుచుకుంటూ తల్లిగొర్రె.

మగ్గంలో కూర్చున్న నాయన గయ్యిమన్నాడు. "ఏమే, పిచ్చి పట్టిందా? పట్టు అది! ఒక్క కాలు పెడితే పడుగంతా పాయె!"

"నువ్వు కాళ్ళు పైకి తియ్" అంది అమ్మ. ఆయన తీసేలోపే పిల్లల్ని, నేతకు కూర్చున్నప్పుడు ఆయన కాళ్ళు పెట్టుకునే మగ్గం గుంతలోకి దించేసింది. ఇంట్లో గాలి తగలని చోటు అదొక్కటే.

తల్లిగొర్రె ఊరుకుంటుందా? పిల్లల కోసం మగ్గం మీదికే దూకబోయింది. అమ్మ గదవ కింద చేయి వేసి, గోడకు ఒత్తి పట్టి, "పిండు" అంది నాతో. చెంబు అడుగున నాలుగు ధారలు పడ్డాయి. గొర్రె వాసనకే ముక్కు మూసుకునే నాయన, తన టవాలుతోనే పిల్లల్ని రుద్దుతున్నాడు. పాలలో వేలు ముంచి నోట్లో పెడితే పెద్దది చప్పరించింది. చిన్నది మెడ వాల్చేసింది. అది పోయిందనే అనుకున్నాను. నాయన మళ్ళీ రుద్దాడు, మళ్ళీ వేలు ముంచాడు, "తాగు తల్లీ, తాగు" అని బతిమాలాడు. చివరికి "పట్టుకునిందే! వేలు పట్టుకునింది!" అని కేకేశాడు.

అంతసేపూ గొర్రెను కదలనీయకుండా నిలబడిన అమ్మ, అప్పుడు భోరుమంది.

నాయన బిత్తరపోయాడు. "బతికినాక ఏడుస్తావేందే?"

"సచ్చింటే ఏడ్సేకి తీరిక యాడిది? ఆడ మిగిలినవన్నీ తడుస్తాండాయి" అంటూ గొర్రెను నాకు అప్పజెప్పి, వానలోకి పరుగెత్తింది.